అతుకంటే మాసిక కాదు

రుక్కమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని గద్వాల నేతవాళ్ల వాడలో అందరూ అంటారు. అది తప్పు. ముక్కు మీదే ఉంటే తుమ్మినప్పుడైనా ఎగిరిపోయేది. ఆమె కోపం వేళ్ల కొసల్లో ఉంటుంది. పోగు జారితే పోగును తిడుతుంది, కరెంటు పోతే కరెంటును తిడుతుంది, తిట్టడానికి ఎవరూ దొరక్కపోతే పదమూడేళ్ల కిందట పోయిన మొగుణ్ణి తిడుతుంది. అయినా వాడలో ఎవరి మగ్గం మీదికి కొత్త పడుగు వచ్చినా ముందు ఆమెకే కబురు పోతుంది. అచ్చు అతకడంలో ఆ చేతికి సాటి చెయ్యి ఆ వాడలో లేదు.

అచ్చు అతకడమంటే ఏమిటో తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. తెలియకుండానే అర్థమైందనుకున్న ఒక పెద్దమనిషి వల్లే ఇదంతా జరిగింది. అందుకని చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే బారుగా చాచిన నిలువు పోగులు, అయిపోయి ఆఖరి చీర కోసి తీసేటప్పుడు నేసేవాళ్లు పోగులన్నీ ఊడ్చి పారెయ్యరు. పోగులను విడివిడిగా పట్టి ఉంచే పెద్ద దువ్వెనలాంటిది అచ్చు. అందులో జానెడు పాత పోగులను అలాగే వదులుతారు. కొత్త పడుగు రాగానే దాని పోగు ఒకటి, పాత పోగు ఒకటి పక్కపక్కన పెట్టి, బూడిదలో అద్దిన వేళ్ల మధ్య నులిమి రెంటినీ ఒకటి చేస్తారు. బూడిద లేకపోతే పోగు జారుతుంది. అలా నాలుగువేల పైచిలుకు పోగులు. ఒక్కొక్క కలయికను అతుకు అంటారు. అన్నీ అయ్యాక పాత పోగులను మెల్లగా లాగితే, కొత్త పడుగు వాటి వెంట అచ్చులోంచి నడిచి వస్తుంది.

రుక్కమ్మ మొగుడు కురుమూర్తి తొంభై నాలుగులో, మగ్గం మీద సగం చీర ఉండగా, గుండె ఆగి పోయాడు. పదకొండో రోజు కులపెద్దలు ఇంటికొచ్చి పడుగు కోసెయ్యమన్నారు. చచ్చినవాడి పడుగు మగ్గం మీద ఉంటే ఇంట్లో ఇంకొకరిని పిలుస్తుందట. వాళ్లు చూస్తుండగానే రుక్కమ్మ మగ్గం గుంటలోకి దిగి, మొగుడు కూర్చున్న చోట కూర్చుని, అతను వదిలిన చోటి నుంచి, అడ్డపోగును నడిపే నాడె వేసింది. ముండమోసిన మనిషి మగ్గమెక్కిందని వాడంతా మూతి విరిచింది. పిలిచేవాణ్ణి పిలవమనండి, నాకూ నాలుగు మాటలు అడిగేదుంది, అని ఆమె గుంటలోంచే కేకేసింది. పడుగు అయిపోయింది. ఎవరినీ ఏదీ పిలవలేదు. కొత్త పడుగు తెచ్చుకుని, పాత పోగులకు అతుకుతూ ఉండగా ఆమె నోట ఒక పాట వచ్చింది.

అప్పటిదాకా ఆమె పాటలు కట్టిన మనిషి కాదు. చావు ఇళ్లలో పదకొండో రోజు భజనవాళ్లు పాడే తత్వాలు వినడమే. ఆ పాటల్లో ఒంటిని మట్టికుండ అంటారు, తోలుతిత్తి అంటారు, చిలుక ఎగిరిపోయిన పంజరం అంటారు. రుక్కమ్మకు వాటి మీద కూడా కోపమే. కుండ పగులుతుంది, తిత్తి చిరుగుతుంది, చిలుక పోతుంది, అన్నీ పోయేవాటి సంగతే. పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించాల్సినదాని సంగతి ఒక్కడైనా పాడడేమని ఆమె అడిగేది. ఎవరూ పాడలేదు కనుక తానే పాడింది.

“చీర గోసినవు గాని సామీ, పడుగు గొయ్యలేదు
జానెడు పోగు మిగిలె, చాలు నాకు చాలు
బూడిదల వేలద్ది అతుకేసుకుంట
అతుకుల బతుకయ్య నాది, అతుకుల బతుకు”

సామి అంటే యముడు. నువ్వు తీసుకుపోయింది ఒక్క చీరనే, మిగిలిందానికి నేను అతుకు వేసుకుంటాను, పో, అని యముడి మొహం మీద చెప్పిన పాట అది. వాడలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. పాట విన్నాకే, మూతి విరిచినవాళ్లు కూడా ఆమెను అచ్చు అతకడానికి పిలవడం మొదలుపెట్టారు. పదకొండో రోజు భజనలో ఆడమనిషికి చోటిచ్చారు. మొగుడు పోయిన ఆడవాళ్లు ఆ పాట కోసం ఎదురుచూసేవాళ్లు. పాట అయ్యాక ఇద్దరో ముగ్గురో కళ్లు తుడుచుకుని లేచి మగ్గం దగ్గరికి పోయిన రోజులున్నాయి.

రెండువేల ఐదులో వనపర్తి నుంచి జగదీశ్ సారు వచ్చాడు. కాలేజీలో తెలుగు చెబుతాడు. మెత్తని మనిషి, గట్టిగా తలుపు కూడా వెయ్యడు. జావా అనే దూరదేశపు దీవిలో ఈ కాలపు కవులు రాసిన భక్తి కవిత్వంలో చావును ఏయే గుర్తులతో చెబుతారో చదువుతున్నానని, వాటిని పాలమూరు తత్వాలతో పోల్చి పుస్తకం రాస్తున్నానని చెప్పాడు. ఆమె ఫోటో ఒకటి తీసుకుని, టేపురికార్డరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

“ఆళ్లు ఏమంటరు సారూ, చావును?” అని అడిగింది రుక్కమ్మ.

“భయపడరమ్మా. ఇంటికి తిరిగిపోవడం అంటారు. ఏరు పోయి సముద్రంలో కలవడం అంటారు.”

“మరి మిగిలినోళ్లు?”

సారు నవ్వాడు. నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. జావాలో మగ్గాలున్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. అచ్చు అతుకుతారా అని అడిగితే తెలియదన్నాడు. అతుకంటే ఏమిటని తిరిగి అడగలేదు. తెలుగు చెప్పే మనిషికి అతుకు అనే మాట కొత్తదా? అందుకే అడగలేదు.

రెండేళ్లకు పుస్తకం వచ్చింది. గద్వాలలోనే సభ పెట్టి రుక్కమ్మకు శాలువా కప్పి, పుస్తకం చేతిలో పెట్టి ఫోటో తీశారు. ఆమెకు చదువు రాదు. పుస్తకాన్ని కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చి, దేవుడి పటాల పక్కన పెట్టి పసుపు బొట్టు పెట్టింది. శుక్రవారం శుక్రవారం దానికీ ఒక పువ్వు పెట్టేది. ఆ పువ్వులు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆషాఢంలోనే అదే వాడలోని శంకరయ్య కొడుకు గణేష్ కామెర్లతో పోయాడు. ముప్పై ఏళ్లు లేవు. కర్నూలు దవాఖానకు తీసుకుపోయి తీసుకొచ్చేసరికే అయిపోయింది. అతని పెళ్లాం చంద్రకళ పుట్టినూరు మల్దకల్. గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, అంచు పట్టు, ఒక్కరు నేస్తే తెమలదు. గణేష్ నూలు నేస్తుంటే ఆ పిల్ల పక్కన కూర్చుని అంచు నాడె అందుకునేది. ఆరేళ్లలో మొత్తం పని వచ్చేసింది. ఇప్పుడు మగ్గం మీద గణేష్ వేసిన పడుగు ఉంది, రెండు చీరలు అయ్యాయి, ఇంకా నాలుగు కావాలి. ఆ నాలుగూ నేసి, ఆ ఇంట్లోనే ఉండి, మగ్గం మీదే బతకాలని చంద్రకళ కోరిక. అది అత్తగారితో చెప్పలేదు, మామతో చెప్పలేదు, రుక్కమ్మ చెవిలో చెప్పింది. పదకొండో రోజు పాట పాడితే మామ మనసు మారుతుందని ఆశ పెట్టుకుంది.

బుధవారం పదకొండో రోజు. రుక్కమ్మ తాళాలు చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకుంటుండగా శంకరయ్య లేచాడు. కొడుకు పోయాక ఆయన మొహం ఎండిన వక్కలా అయిపోయింది. చేతిలో జగదీశ్ సారు పుస్తకం ఉంది.

“రుక్కమ్మ పాడేముందర, ఆ పాటల ఏమున్నదో పుస్తకంల అచ్చయింది, జర ఇనుండ్రి” అని కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. “‘అతుకుల బతుకు అనగా మాసికలు వేసిన జీర్ణవస్త్రం వంటి దేహం. బూడిద చితాభస్మానికి సంకేతం. చీరను కోసిన స్వామి పడుగును కూడా ఎందుకు కోయడం లేదని కవయిత్రి మృత్యువును ఆర్తితో వేడుకుంటోంది. జావా కవుల వలెనే ఈమెకు కూడా మరణమే విముక్తి. పడుగు తెగడమే మోక్షం.’”

పుస్తకం మూశాడు. “చూసిండ్రు గదా. రుక్కమ్మనే చెప్పింది. నా కొడుకు పడుగు కోసేస్త. శుక్రారం నాడు. ఆడు మగ్గం ఇడిచిపెట్టి పోతడు. పిల్ల తల్లిగారింటికి పోతది.”

రుక్కమ్మకు ముందు అర్థం కాలేదు. సగం మాటలు పూజారి మాటల్లా ఉన్నాయి. అర్థమయ్యేసరికి తాళాలు చేతిలోంచి జారి కింద పడ్డాయి. నేను యముణ్ణి వేడుకున్నానా? నన్ను కూడా తీసుకుపోవయ్యా అని అడుక్కున్నానా? కులపెద్దలను గడప అవతల నిలబెట్టి నాడె వేసిన నేనా?

“నేను గట్ల పాడలే!” అని అరిచింది.

“అచ్చయింది గదక్కా” అన్నాడు శంకరయ్య, ఎంతో నిమ్మళంగా.

అందరూ తలలూపారు. పదమూడేళ్లు ఆమె నోట విన్న పాట, వాళ్లకు కంఠతా వచ్చిన పాట, అచ్చులో మరో అర్థం వచ్చేసరికి అదే నిజమైపోయింది. చదువుకున్నాయన రాశాడు, దూరదేశపు వాళ్లు కూడా అంతే అన్నారట, ఇంకేం కావాలి? ఆమె పాడబోయింది. పాటకు బదులు తిట్లే నోటికొచ్చాయి. పాట ఎత్తుకోలేక ఆమె లేచి వచ్చేసిన పదకొండో రోజు అదొక్కటే.

సందు మొగలో చంద్రకళ ఆమె కొంగు పట్టుకుంది.

“అత్తా, నిజం చెప్పు. నువ్వు సావమనే పాడినవా? నేనే తప్పు ఇన్ననా?”

ఆ మాటకు రుక్కమ్మ మనసు చివుక్కుమంది. శంకరయ్య నమ్మితే కోపం వచ్చింది. ఈ పిల్లకు అనుమానం వస్తే ఏడుపొచ్చింది. ఏడవడం ఆమెకు చేతకాదు కనుక అది కూడా కోపమే అయింది. సారును తీసుకొస్తానని చంద్రకళతో చెప్పి, తెల్లారి మొదటి బస్సుకే వనపర్తి బయలుదేరింది. దారిలో బీచుపల్లి వంతెన మీద బస్సులో అందరూ అంజన్నకు దండం పెట్టారు. ఆమె పెట్టలేదు. ఈ రోజు ఎవరికీ పెట్టేది లేదనుకుని కృష్ణా నది వైపు కూడా చూడకుండా కూర్చుంది.

జగదీశ్ సారు స్టాఫ్ రూములో ఉన్నాడు. ఆమెను చూసి సంతోషంగా లేచి కుర్చీ వేశాడు. మంచివాడి మీద కోపగించుకోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా చేతనైనంత చేసింది.

“సారూ, నేను సావును అడుక్కున్ననని ఎందుకు రాస్తివి?”

ఆయన బిత్తరపోయి, విషయమంతా విని, ఆలోచించి అన్నాడు. “అమ్మా, కవిత్వంలో ఒక్కో ప్రతీకకు చాలా అర్థాలుంటాయి. మీరొకటి అనుకుని పాడినా, పాటకు దాని బతుకు దానికుంటుంది.”

“పాటకు బతుకున్నది, నా పిల్లకు లేదా?” అంది రుక్కమ్మ. “అతుకంటే ఏందో నీకు ఎరుకనా?”

“పాత బట్టకు వేసే మాసిక కదమ్మా.”

ఆమె రొండిలోంచి నూలు చుట్ట తీసి రెండు పోగులు లాగింది. బూడిద కోసం అటూ ఇటూ చూసింది. గోడ మీది నల్లబోర్డు కింద సుద్దపొడి కనిపించింది. వేళ్లు దాంట్లో అద్ది, రెండు పోగులూ నులిమి, ఆయన చేతిలో పెట్టింది.

“గుంజు.”

ఆయన లాగాడు. ఇంకా గట్టిగా లాగాడు. పోగు తెగింది గాని అతుకు దగ్గర కాదు, పక్కన తెగింది. ఆయన ఆ పోగును వెలుతురు వైపు ఎత్తి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“బూడిద అంటే... ఇదా?”

“పొయ్యిల బూడిద. కాటిది గాదు. పోగు జారకుండ పట్టనీకె.”

“తప్పు నాదేనమ్మా. నేను అడగలేదు” అన్నాడు. పాపం, నిజంగానే అన్నాడు. “రెండో అచ్చులో మారుస్తాను.”

“రెండో అచ్చా!” అని ఆమె లేచి నిలబడింది. పక్క బల్లల వాళ్లు తలలెత్తారు. “నీ అచ్చు యాడాదికి మళ్లొస్తది సారూ. ఆ పిల్ల అచ్చు రేపు పొద్దుగాల పోతది. రా నాతోని, శంకరన్నకు నీ నోటితో చెప్పు.”

ఆ రోజు పరీక్షలున్నాయి. ఆదివారం తప్పకుండా వస్తానన్నాడు. కావాలంటే ఇప్పుడే కాగితం రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాడు. కాయితంతోనే గింత అయింది, మళ్ల కాయితమా, అని ఆమె విసవిసా బయటికి నడిచింది.

మధ్యాహ్నం గద్వాలలో బస్సు దిగి నేరుగా శంకరయ్య ఇంటికి పోయింది. అరుగు మీద శంకరయ్య తల వంచుకుని కూర్చున్నాడు. లోపల మగ్గం గుంట అంచున చంద్రకళ కూర్చుని ఉంది. ఏడవడం కూడా లేదు. మగ్గం వెనక బారుగా చాచి ఉండాల్సిన పడుగు లేదు. గోడ పక్కన ఉండలా చుట్టి పడేసి ఉంది.

శంకరయ్య శుక్రవారం దాకా ఆగలేకపోయాడు.

“సారును తోల్కొస్తనని పోయినవట” అన్నాడు అరుగు మీది నుంచి, ఆమె వైపు చూడకుండా. “ఆయనొస్తే నేను కొయ్యలేకపోదును. ఆ మగ్గం జూస్తే వాడే కూసున్నట్టున్నదక్కా. నాకు నిద్ర పడ్తలేదు.”

జాలి పడాల్సిన మాటే. రుక్కమ్మకు జాలి రాలేదు. నీకు నిద్ర పట్టడానికి ఇరవై ఆరేళ్ల పిల్ల బతుకు కొయ్యాలా అని నోటికొచ్చినట్టు తిట్టింది. వంశాన్ని తిట్టింది, పుస్తకాన్ని తిట్టింది, ఇంటికి పోవడమని చావును ముద్దు చేసే దీవి కవులందరినీ పేర్లు తెలియకుండానే తిట్టింది. తిడుతూనే మగ్గం గుంటలోకి దిగింది. దిగి, అచ్చు వైపు చూసి, ఒక్కసారిగా నోరు మూసింది.

అచ్చు ఖాళీగా లేదు. అచ్చు వెనక పోగులు నిలబడే ఉన్నాయి. కొస నుంచి కొస దాకా సమంగా, ఒక్క పోగు పొట్టి కాకుండా, జానెడు.

ఆమె చెయ్యి చాచి కొలిచింది. సరిగ్గా జానెడు.

“శంకరన్నా, ఇట్ల రా.”

ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

“ఎవరు కోసిండ్రు ఇది?”

“నేనే.”

“పడుగే కోసేస్తనంటివి గద. మోక్షమంటివి. గిదేంది మరి?”

శంకరయ్య పోగుల వైపు చూశాడు. అవి అక్కడ ఎలా మిగిలాయో అప్పుడే చూసినట్టు చూశాడు. యాభై ఏళ్లుగా పడుగులు కోసిన చెయ్యి. కత్తెర పట్టుకోగానే దానికి తెలిసిన చోటే అది కోసింది. ఆయన తన కుడిచేతిని ఎత్తి, తిప్పి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

“చెయ్యి రాలేదక్కా” అన్నాడు.

“వస్తదా? ఆ పుస్తకం నీ నోటికెక్కింది గాని చేతికెక్కలే.” రుక్కమ్మ గొంతు ఇంకా మండుతూనే ఉంది. “ఏ నేతగాని చేతికీ ఎక్కదది. యాడ పెట్టినవు?”

పుస్తకం గూట్లో ఉంది. ఆమె పాటున్న పేజీ చంద్రకళ తీసింది, పైన రుక్కమ్మ ఫోటో ఉంది కనుక తెలిసింది. టేపురికార్డరు ముందు చేతులు జోడించి, వెర్రిమొహంతో ఉన్న ఫోటో. కాలు తగిలితే కళ్లకద్దుకునే కాగితం అది. రుక్కమ్మ ఆ పేజీ పట్టుకుని ఒక్క గుంజు గుంజి చింపింది.

“బూడిద తే.”

చంద్రకళ కదలబోయింది.

“నువ్వు గాదు బిడ్డా. నువ్వు గుంటల దిగు. బూడిద ఆయన తెస్తడు.”

శంకరయ్య వంటింట్లోకి పోయాడు. పొయ్యిలోంచి బూడిద తీసి, నిప్పు కణికలు ఏరి పారేసి, పిడికిట్లో పట్టుకుని వచ్చాడు. రుక్కమ్మ గుంటలోంచి పైకి వచ్చి, చింపిన పేజీని మగ్గం పట్టె మీద పరిచింది. ఆయన దాని మీద బూడిద పోశాడు. ఫోటోలోని రుక్కమ్మ మొహం మీద పడింది, చితాభస్మం అన్న మాట మీద కూడా పడింది.

చంద్రకళ గుంటలో కూర్చుంది, మొగుడు కూర్చునే చోట. గోడ పక్కనున్న ఉండను రుక్కమ్మ విప్పి, గణేష్ పడుగు కొసను ఆమె ముందుకు తెచ్చింది. అదే పడుగు, పొద్దున కోసిన చోటే. పిల్ల వేళ్లు బూడిదలో అద్దుకుని, అచ్చులోంచి ఒక పోగు, పడుగులోంచి ఒక పోగు తీసి నులిమింది. అతుకు జారిపోయింది. రుక్కమ్మ తిట్టింది. మళ్లీ నులిమింది. ఈసారి లాగి చూస్తే నిలిచింది.

“ఒకటి” అంది చంద్రకళ.

శంకరయ్య చేతికంటిన బూడిద కడుక్కోలేదు. మగ్గం అవతలి వైపు పోయి, చతికిలబడి, రెండో పోగు విడదీసి కోడలికి అందించాడు.